మంత్రసానుల బడి

మొన్న ఫోనులో చిన్నవాడు అడిగాడు. "అవ్వా, మా చర్చి గ్రూపులో మళ్ళా పెట్టినారు, మంత్రాల పుస్తకాలు, మంత్రాల సినిమాలు పిల్లోల్లకు చూపియ్యొద్దని. నువ్వేమంటావు?" వెనక నుంచి వాళ్ళ అక్క గొంతు వినిపించింది. "అవ్వనెందుకు అడిగితివిరా. ఇంగ చూడు, పూటంతా చెప్తాది."

పూటంతా పట్టే సంగతే. మీరున్న పుణెకూ నేనున్న బళ్ళారికీ మధ్య ఫోనులో సగం మాటలు తెగిపోతాయి, అందుకని కాగితం మీద పెడుతున్నాను. అడిగింది తమ్ముడే అయినా, పెద్దదానా, ఇందులో ఉన్న పిల్లవు నువ్వు. కాబట్టి నీతోనే మాట్లాడతాను. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకో.

అప్పుడు నీకు మూడో తరగతి. మీ నాయన తారానగర్ దగ్గర గనుల ఆఫీసులో పని చేసేవాడు. ఆ దారిలో ఎప్పుడు చూసినా ఇనుపరాయి మోసే టిప్పర్లే. పొద్దున ఆరేసిన తెల్లచీర మధ్యాహ్నానికి ఇటుక రంగుకు తిరిగేది. నీకు దగ్గు పట్టుకుని వదల్లేదు. తమ్ముడు ఇంకా ఉయ్యాలలో ఉన్నాడు, మీ అమ్మకు చేతులు చాలడం లేదు. "అత్తా, దీన్ని మీ కాడ పెట్టుకోండి, బడి కూడా ఈడే బాగుంటాది" అని మీ నాయన నిన్ను బళ్ళారి గాంధీనగర్‌లో నా దగ్గర దింపి వెళ్ళాడు. మీ తాత పోయిన తర్వాత ఇంట్లో నాకు మాట్లాడేందుకు మనిషి లేదు. నువ్వొచ్చాక నా గొంతు మళ్ళీ నాకు వినిపించింది.

సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బొరుగుల ఉగ్గాని తిని, ముందు మెట్ల మీద కూర్చునేదానివి. అది నా గంట. నేను సండే స్కూలు టీచరును కదా. ఆదివారం చెప్పబోయే పాఠం ముందు నీకు చెప్పి చూసుకునేదాన్ని. మన ఫ్లానెల్ బోర్డు నీకు గుర్తుండే ఉంటుంది. పలకకు నల్లటి గుడ్డ బిగించి ఉండేది, కాగితపు బొమ్మ ఆనిస్తే గుడ్డను పట్టుకుని నిలబడేది. మిషను కాలంలో ఎవరో దొరసాని వదిలి వెళ్ళిన బొమ్మలవి. చిరిగినవి చిరిగిపోగా మిగిలినవాటితోనే అన్ని కథలూ నడిపేదాన్ని. పొడుగు ముసుగులు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్ళ బొమ్మ ఒకటుండేది. ఈస్టరు వస్తే వాళ్ళు సమాధి దగ్గరికి పోయే స్త్రీలు. ఐగుప్తు పాఠం వస్తే వాళ్ళే మంత్రసానులు. పుట్టిన మగబిడ్డను పుట్టినట్టే చంపేయమని రాజు ఆజ్ఞ ఇస్తే, దేవునికి భయపడి, చంపకుండా వదిలేసిన ఆ ఇద్దరు. నాకు ఆ పాఠమంటే ప్రాణం. నువ్వు చేతులు కట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని వినేదానివి. ఆ కళ్ళు నావే అనుకునేదాన్ని.

ఎదురింటి ఆమె ఆ ఏడాదే వచ్చింది. వాళ్ళ ఊరు కురుగోడు. కాలవ కింద పొలాలున్న పెద్ద రైతులు. కొడుకులు మొదట లారీలు కొన్నారు, లారీలు టిప్పర్లయ్యాయి, ఆ టిప్పర్లన్నీ కలిసి మా వీధిలో మూడంతస్తుల ఇల్లయ్యాయి. ఆమెది నా వయసే. కొడుకులూ కోడళ్ళూ ఎప్పుడూ తిరుగుళ్ళ మీద ఉండేవాళ్ళు. మనవరాలు ఎక్కడో చల్లని ఊళ్ళో హాస్టలు బడిలో ఉండేది. ఆ పిల్ల సెలవుల్లో తెచ్చి వదిలేసిన ఇంగ్లీషు పుస్తకాలు, సినిమా డిస్కులు, గోడంత టీవీ, వీటి మధ్య ఆమె ఒక్కతే తిరుగుతుండేది. ఆమెకు చదువు రాదు.

ఒకరోజు గేటు దగ్గర నిన్ను పిలిచింది.

"ఏమ్మే పాపా, నీకు ఇంగ్లీషు వస్తాదంట గదా. ఈ సినిమాలో ఏం మాట్లాడుకుంటాండారో నాకు చెప్పిపో. మా పిల్ల దీన్ని చూసి ఏడ్సింది. యాల ఏడ్సిందో నాకు తెల్వాల."

నువ్వు వెళ్ళావు. మర్నాడూ వెళ్ళావు. సినిమా అయిపోతే అదే కథ పుస్తకం మొదలుపెట్టారు. సరస్సు మధ్య ఒక దీవి, అందులో పిల్లలకు మంత్రాలు నేర్పే బడి, గాలిలో ఎగిరే దుప్పటి కప్పుకున్న ఒక అమ్మాయి. ఇంతవరకే నాకు తెలిసింది. అదైనా నువ్వు చెప్పింది కాదు, నీ బ్యాగులో ఆ పుస్తకం అట్ట చూసి తెలుసుకున్నది.

ఇక నా గంట పోయింది. "అవ్వా, జేజి కాడికి పోతాండా" అంటూ ఉగ్గాని సగంలో వదిలేసి లేచేదానివి. జేజి. మన ఇళ్ళలో ఆ మాట లేదు, మనం అవ్వ అనే అంటాం. వాళ్ళ ఇళ్ళలో నాయనమ్మను జేజి అంటారు. పసిపిల్లలకు గుడి చూపించి, జేజికి దండం పెట్టు అని కూడా అంటారు. నీ నోట ఆ మాట వచ్చినప్పుడల్లా గొంతులో చేపముల్లు దిగినట్టుండేది. నిన్ను మెట్ల మీద నిలబెట్టుకోవాలని మిరపకాయ బజ్జీలు వేశాను. నువ్వు రెండు తిని, రెండు కాగితంలో చుట్టుకున్నావు.

"అవెవరికే?"

"జేజికి."

తిరిగొచ్చి, "జేజి బాగుండాయని చెప్పింది. ఉప్పు రవ్వంత తక్కువంట" అన్నావు.

ఆ రాత్రి పులుసులో ఉప్పు ఎక్కువ వేశానని నువ్వు మొహం పెట్టావు. ఏం చేసేది, చెయ్యి అటు పోయింది.

నేను మా మెట్ల మీదే కూర్చునేదాన్ని, బోర్డు పక్కన పెట్టుకుని. అక్కడి నుంచి వాళ్ళ వరండా కనిపించేది, మాటలు మాత్రం వినిపించేవి కావు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. నీ చేతులు గాలిలో తిరుగుతుండేవి. ఒకసారి పైకి, ఒకసారి పక్కకు, ఒకసారి రెండు చేతులూ చాచి ఎగిరినట్టు. నా దగ్గర ఆ చేతులు ఎప్పుడూ కట్టుకునే ఉండేవి. అవి అలా తిరగగలవని నాకు తెలియదు. వాళ్ళ టిప్పరేదైనా అడ్డం వస్తే ఆ క్షణం మీరు కనబడకపోవడమే నాకు ఊరటగా ఉండేది.

సరిగ్గా అప్పుడే చర్చిలో ఆ మాట లేచింది. సండే స్కూలులో ఒక పిల్లవాడు కొబ్బరి ఈనె పట్టుకుని ఇంకో పిల్లవాడి మీద ఏదో మంత్రం చదివాడు. రెండోవాడు ఏడ్చాడు. తల్లులు పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయారు. అయ్యగారు నన్ను పిలిచి, "అమ్మా, వచ్చే ఆదివారం తల్లిదండ్రులకు మీరే నాలుగు మాటలు చెప్పండి. అలాంటి పుస్తకాలు, సీడీలు ఇళ్ళలో ఉంటే తెచ్చి అప్పగించమందాం. మీరంటే అందరికీ గౌరవం" అన్నారు.

మీరిద్దరూ దీన్ని చదివి నవ్వుకోవచ్చు. కానీ మంత్రమంటే మనకు పుస్తకంలో మాట కాదు. మా అవ్వ బాప్తిస్మానికి నీళ్ళలో దిగేముందు మెడలోని తాయెత్తు తానే కోసి పారేసింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ భయం వేసినప్పుడు ఆమె చెయ్యి మెడ తడుముకునేదట. అంత కష్టంగా వదిలింది. ఇక నేను చెబుతున్న ఆ రోజుల్లో బళ్ళారిలో కొత్త టిప్పరు నిమ్మకాయ తొక్కకుండా వీధి దాటేది కాదు. కొండ తవ్వేముందు ఎక్కడి నుంచో మంత్రగాణ్ణి కారులో తెచ్చేవాళ్ళు. ఇంగ్లీషు చదివినవాళ్ళు కూడా వాడి ముందు చెప్పులు విడిచి కూర్చునేవాళ్ళు. ఎర్రమట్టి మీద ఏదో ఒక మాట చదివితే అది మేడ అయిపోతుందని ఊరు ఊరంతా నమ్మింది.

నా భయం ఏమిటంటే, ప్రార్థనలో మనం అడుగుతాం. ఇవ్వకపోయినా ఆయన దేవుడే, మనం పిల్లలమే. మంత్రంలో అడగడం లేదు. మాట సరిగ్గా పలికితే పని జరిగి తీరాలి, ఎవరి చిత్తంతోనూ నిమిత్తం లేదు. పసితనంలో ఆ రుచి తగిలితే ప్రార్థన చప్పగా అనిపిస్తుంది. చిన్నవాడా, నువ్వు అడిగినదానికి నా జవాబులో మొదటి సగం ఇది. ఇప్పటికీ ఇందులో నేను మార్చుకున్నది ఏమీ లేదు.

అయితే అయ్యగారు ఆ మాట అన్నప్పుడు నా కళ్ళ ముందుకు మొదట వచ్చింది ఎదురింటి వరండా. ఇక నిన్ను వెనక్కి తెచ్చుకోవడానికి నాకు చర్చి అండ దొరికింది. మన దేవుడు రోషంగల దేవుడని, తనవాళ్ళు ఇంకొకరి వైపు పోతే ఓర్వడని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. ఆయనకే ఉన్నప్పుడు నాకెందుకు ఉండకూడదు అనుకుంటూ ఇంటికొచ్చాను. నడక కూడా తేలికగా ఉంది.

మర్నాడు సాయంత్రం తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వీధి దాటాను. ఈ పిల్ల ఇక రాదని చెప్పి, నీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయాలని పోయాను. వాళ్ళ మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుండగా నీ గొంతు వినిపించింది. నువ్వు నన్ను చూడలేదు.

"అప్పుడు ఆ ముసలి జ్ఞాని ఇట్లనెను. కుమారీ, వెరవకుము. ఇదిగో, ఈ దుప్పటి నీకిచ్చుచున్నాను."

"ఆహా," అంది ఆమె. "ఆ దొర ఎంత మర్యాదగా మాట్లాడ్తాడో."

"అప్పుడు ఆ మంత్రసాని పిల్ల అతనికి సాగిలపడెను."

"పడాల గదా మల్ల. పెద్దోడు."

నేను ఒక చెప్పు విడిచి, ఒక చెప్పుతో అట్లాగే నిలబడిపోయాను. బడిలో నీకు ఇంగ్లీషు, కన్నడ. ఇంట్లో మాట్లాడుకునే నాలుగు మాటలు తప్ప నీకున్న తెలుగంతా నా పాఠాల తెలుగే. ఆ ఇంగ్లీషు కథలో ఇంట్లో వాడని మాట ఎక్కడ వచ్చినా నువ్వు నా మూటలోంచి ఒకటి తీసి పెట్టుకున్నావు. మంత్రాలు తెలిసిన మగవాళ్ళు జ్ఞానులయ్యారు, నక్షత్రం చూసి తూర్పు నుంచి వచ్చిన ఆ జ్ఞానుల్లాగా. మంత్రాలు తెలిసిన ఆడవాళ్ళు మంత్రసానులు. మాటలోనే మంత్రం ఉంది కదా. పైగా బోర్డు మీద వాళ్ళకు పొడుగు ముసుగులు ఉండేవి, సినిమాలో ఆడవాళ్ళకు ఉన్నట్టే. మంత్రసాని చేసే పనేమిటో నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

ఆమె నన్ను చూసింది.

"రా టీచరమ్మా, కూర్చో. నీ మనమరాలు ఎంత బాగ చెప్తాందో. మంత్రసానుల బడి కథ."

"మంత్రసానుల బడా?"

"ఆ. ఆ దేశంలో ఆడపిల్లోల్లను చిన్నప్పుడే దీవిలో పెట్టి కాన్పులు చేసేది నేర్పిస్తారంట. మన కాడ నర్సు ట్రైనింగు ఉండాది చూడు, అట్ల. దుప్పటి కప్పుకుంటే గాల్లో పోతారంట, కాన్పుకు ఆలస్యం కాకుండా."

నువ్వు ఆమె మొహం, నా మొహం మార్చి మార్చి చూశావు. కాన్పు అనే మాట నీకు తెలియదని నాకు అర్థమైంది.

"అక్కా, అది అట్ల కాదు. ఆ మాటకు..."

"టీచరమ్మా, ఇనేదానికి వచ్చినావా, దిద్దేదానికి వచ్చినావా?" నవ్వుతూనే అంది. "మాట్లాడకుండా సుమ్నే కూర్చో. కాఫీ తెప్పిస్తా."

కాఫీ వచ్చేలోపు ఆమె తన సంగతి చెప్పింది, ఎవరూ అడగకుండానే. "నా మొదటి కాన్పప్పుడు కాలవ తెగి దారంతా మునిగింది. మంత్రసాని ఆ గట్టున, నేను ఈ గట్టున. ఆయమ్మ ఆడనుంచి అరిచి చెప్తాంది, ఇట్ల పట్టుకోండి, అట్ల తిప్పండి అని. గాలికి యాడ ఇనబడతాది. బిడ్డ దక్కలా." కళ్ళలో నీళ్ళు కూడా తిరగలేదు. "ఈ పిల్ల దుప్పటి సంగతి చెప్తే నాకు అదే తోచింది. ఇట్లాంటిది ఒకటి ఉండింటే ఆయమ్మ వచ్చుండు గదా అని." తర్వాత నీవైపు తిరిగి, "ఊ, చెప్పు పాపా. దుప్పటి ఇచ్చినాడు. తర్వాత?"

నాలుక చివర ఒక్క మాట ఉంది. ఇది కాన్పుల కథ కాదక్కా, మంత్రాల కథ. అంతే చాలు. వాళ్ళ గేటుకు నిమ్మకాయలు, గుమ్మానికి బూడిదగుమ్మడికాయ. చేతబడి అంటే నాకంటే ఆమెకే ఎక్కువ భయం. పుస్తకం ఆ క్షణమే వీధిలో పడేది. అయ్యగారు అక్కర్లేదు, ఆదివారం అక్కర్లేదు. రేపు ఈ పాటికి నువ్వు నా మెట్ల మీద ఉండేదానివి. నువ్వు నన్నే చూస్తున్నావు, నా చేతిలో ఎర్ర పెన్సిలు ఉన్నప్పుడు చూసే చూపుతో.

"కాఫీ బాగుండాదక్కా" అన్నాను. తాగి, లేచి వచ్చేశాను. నిన్ను తీసుకురాలేదు.

అన్నం దగ్గర అడిగాను. "ఆ కథ నాకెందుకు చెప్పవే?"

"నువ్వు దిద్దుతావు గదవ్వా."

"ఆమె దిద్దదా?"

"జేజికి తెలీదు గదా. అందుకే బాగ ఇంటాది."

 నా దగ్గర ఉన్నదంతా నీకు పెట్టాను. ఆమె దగ్గర ఏమీ లేదు, ఆ లేకపోవడమే నీకు నచ్చింది. అలాంటిదానితో నేనెట్లా పోటీ పడేది?

"అవ్వా, కాన్పంటే ఏంది?"

"బిడ్డ పుట్టడం."

"మరి మంత్రసాని?"

"బిడ్డ పుట్టేటప్పుడు తల్లి పక్కనుండి సాయం చేసే ఆమె."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "మంత్రం?"

"అందులో మంత్రమేమీ లేదు."

చాలాసేపు పళ్ళెంలోకి చూశావు. "అయితే జేజి అనుకుంటాండేది... నువ్వు చెప్పేసినావా ఆమెకు?"

"లేదు."

"యాల?"

"తిను" అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాను. రాసి పెట్టుకున్న మాటలు వేరే ఉన్నాయి, అవి నోటికి రాలేదు. "నేను అలాంటి పుస్తకం ఒకటి కొంచెమే విన్నాను. పూర్తిగా వినకుండా తెచ్చేయమని చెప్పలేను, ఉంచుకోమనీ చెప్పలేను. మంత్రం పెద్దది, ప్రార్థన చిన్నది అని పిల్లకు అనిపించే పుస్తకం మన ఇంట్లో ఉండకూడదు. అది మనకు తెలియాలంటే ఆ పిల్ల నోటే కథంతా తెలుగులో చెప్పించుకోవాలి. మధ్యలో దిద్దకూడదు" అన్నాను. చిన్నవాడా, నా జవాబులో రెండో సగం ఇది.

వెనక బల్ల నుంచి ఒకామె పక్కామెతో అందరికీ వినబడేలా అంది. "టీచరమ్మ మనమరాలే ఎదురింట్లో కూర్చోని చూస్తాందంట. ఇంగ రూలు మారదా మల్ల."

అయ్యగారు గొంతు సవరించుకుని పాట సంఖ్య చెప్పారు. అయ్యగారి మాట ముందే విని కొందరు తాము తెచ్చినవి ముందు పెట్టి వెళ్ళారు, కొందరు సంచుల్లోంచి తీయకుండానే వెనక్కి తీసుకెళ్ళారు. తల్లిదండ్రులకు మాటలు చెప్పమని ఆ తర్వాత చాన్నాళ్ళు నన్నెవరూ అడగలేదు.

అంతమంది ముందు అన్నాక, వినక తప్పుతుందా? మర్నాటి నుంచి నేనూ వీధి దాటాను. ఆమె నీకు ఎదురుగా, నేను పక్కన. ఆమె కథ మొదటి నుంచీ విన్నది, నేను మధ్యలో వచ్చినదాన్ని. ఎవరు ఎవరో తెలియక నేను ఆమెనే అడగాల్సి వచ్చేది.

"ఆ రాణి ఎవరు?"

"ముందే చెప్పింది గదా టీచరమ్మా. ఆ పిల్లకు పినతల్లి. నువ్వు అప్పుడు రాలేదు లే." ఆ చివరి మాట అనడంలో ఆమెకున్న సుఖం నాకు తెలుసు. సండే స్కూలుకు ఆలస్యంగా వచ్చిన పిల్లలతో నేను అనే మాటే అది.

నువ్వు తప్పులు చెబుతూనే ఉన్నావు. ఏకవచనం ఉండాల్సిన చోట బహువచనం, మగవాడికి ఆడ క్రియ. నేను కొంగు చివర నోట్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఒకరోజు ఆమె కథ మధ్యలో ఆపింది. "అంతా బాగుండాది గానీ పాపా, ఇన్ని దినాలుగా చెప్తాండావు, ఒక్క కాన్పు కూడా రాలేదే ఇందులో."

నువ్వు నావైపు చూశావు. నేను వీధిలో పోతున్న టిప్పరు వైపు చూశాను. నువ్వు ఒక పేజీ తిప్పావు. వేలు అక్షరాల మీద పెట్టావు గానీ, వేలు కదల్లేదు.

"అంతట సరస్సు అవతల ఒక గొర్రెలకాపరి భార్య ప్రసవవేదన పడుచుండెను. నీళ్ళు పొంగెను. పడవలు లేకపోయెను."

"అయ్యో."

"అప్పుడు మంత్రసాని పిల్ల దుప్పటి కప్పుకొని నీళ్ళమీదుగా వచ్చెను."

"వచ్చిందా?"

"వచ్చెను జేజీ. తలుపు తట్టెను. వేడినీళ్ళు పెట్టమనెను. బిడ్డ ఏడ్చెను."

ఆమె ముందుకు వంగింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఏం బిడ్డ?"

"నీకేం బిడ్డ పుట్టింది?"

"ఆడబిడ్డ."

"ఇదీ ఆడబిడ్డే" అన్నావు.

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పుస్తకంలో ఆ కాన్పు లేదని నాకు తెలుసు. ఐగుప్తు మంత్రసానులు కూడా రాజు దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు, అయినా దేవుడు వాళ్ళకు మేలు చేశాడు. ఆ పాఠం నీకు చెప్పిందే నేను. నేనెట్లా దిద్దేది? నన్ను మండించింది ఇంకొకటి. నీ నోటితో నువ్వు కల్పించిన మొదటి కథ అది. అన్నాళ్ళు నా మెట్ల మీద, బోర్డు నాది, బొమ్మలు నావి, మాటలు నావి, ప్రసవవేదన పడుచుండెను అన్నది కూడా నాదే. పుట్టిన కథ మాత్రం ఆమె ఒళ్ళో పడింది. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తుంటే కూడా కలం గట్టిగా పట్టుకుంటున్నాను.

కథ చివరికొచ్చింది. దీవిలో జనమంతా ఆ పిల్ల చుట్టూ చేరుతున్నారు. పినతల్లి రాణి అది చూస్తూ కోట మీద నిలబడింది. రాణి ఆ పిల్ల దుప్పటిని దాచేయాలనుకుంటోంది. అక్కడ పుస్తకంలో ఒక మాట దగ్గర నువ్వు ఆగిపోయావు. పెదవులు కదిపావు. నీ మూటలో ఆ మాట దొరకలేదు. తలెత్తి, ఆ వరండాలో మొదటిసారి, నన్ను అడిగావు.

"అవ్వా, జెలస్ అంటే తెలుగులో ఏమంటారు?"

 నన్ను అడిగావు, ఆమెను కాదు. అసూయ, మత్సరం, ఓర్వలేనితనం, మూడూ ఒక్కసారి నాలుక మీదికొచ్చి నిలబడ్డాయి. రాణి కదా, రాణికి తగ్గ మాట ఇవ్వాలని ఏరుకుంటున్నాను.

"కుళ్ళు" అంది ఆమె. "కుళ్ళు పాపా. కడుపులో కుళ్ళు. ఆ రాణికి ఆ పిల్లంటే కుళ్ళు."

నువ్వు ఇంకా నావైపే చూస్తున్నావు, ఆమె చెప్పింది సరేనా అన్నట్టు. ఆమె కూడా నావైపు తిరిగింది. నేను ఎప్పుడు దిద్దుతానా అని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

"ఆ" అన్నాను. "కుళ్ళే."

నువ్వు పుస్తకంలోకి తల దించావు.

"అంతట ఆ రాణికి మిక్కిలి కుళ్ళు కలిగెను" అని కథ సాగించావు.